చెప్పులు విప్పి తొక్కిన చోటు

గిద్దలూరు సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుటి రేకుల పంచలో బ్రహ్మం ముప్పై ఒక్క ఏళ్లు దస్తావేజులు రాశాడు. ఆయన రాసిన కాగితం ఒక్కటీ ఆఫీసు నుంచి వెనక్కి రాలేదు. అందుకు కారణం చేతిరాత కాదు, కాళ్లు. అమ్మకానికొచ్చిన నేలను తొక్కకుండా ఆయన కలం తీసేవాడు కాదు. బస్సు దిగి రెండు మైళ్లు నడవాల్సొచ్చినా సరే, వెళ్లి, గట్టు మీద చెప్పులు విప్పి, నాలుగు హద్దులూ ఉత్తకాళ్లతో తిరిగి వచ్చాకే రాత మొదలు. కాలికి ముల్లు గుచ్చుకుంటే అది కూడా దస్తావేజులో ఎక్కిస్తాడని పక్క బల్ల మీద స్టాంపులమ్మే మస్తానయ్య అందరికీ చెప్పేవాడు.

అలాంటి మనిషి ఒక్కసారి, చనిపోయే ముందటి ఏడాది, నేల తొక్కకుండా మాట చెప్పాడు.

చెప్పింది కొమరోలు హేమలతకు. ఆ పిల్ల నాయన పొలం కొన్నప్పటి దస్తావేజు బ్రహ్మం రాసిందే. హేమలత ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో ఇళ్లూ దుకాణాలూ కట్టేది. ఒక కంపెనీ నడిపే బొమ్మల లోకం అది. ఎక్కడెక్కడి జనమో కళ్లకు అద్దాలపెట్టె తగిలించుకుని అందులో తిరుగుతారు, స్థలాలు కొంటారు, అమ్ముతారు. అక్కడ తనకున్న స్థలంలో ఆమె ఒక చీరల దుకాణం కట్టి, హైదరాబాదులోని చీరల కంపెనీకి మూడు లక్షలకు బేరం పెట్టింది. ఆ డబ్బుతో నాయన పొలంలో ఎండిపోయిన బోరు పక్కన కొత్త బోరు వేయించాలి. కొనేవాళ్లు పన్ను నంబరున్న బిల్లే కావాలంటే జీఎస్టీ రిజిస్ట్రేషను కూడా తీసుకుంది. ధర ఖాయం చేసే ముందు, పన్ను కలపాలా అక్కర్లేదా అని బ్రహ్మానికి ఫోను చేసింది.

ఆయన టీ తాగుతూ జవాబు చెప్పేశాడు. ప్రభుత్వం ఎన్ని పేర్లు మార్చినా ఆయనకది సేల్స్ టాక్సే. నేల అమ్మితే సేల్స్ టాక్స్ లేదు, కావాలంటే రిజిస్ట్రారు ఆఫీసు గోడల్ని అడుగు, అవే చెప్తాయన్నాడు. ఆ మాట పట్టుకుని ఆమె పన్ను ఊసు లేకుండా ధర రాసి పంపింది.

వారం తర్వాత, బిల్లు పంపాల్సిన రోజున, అద్దాలపెట్టె సంచిలో పెట్టుకుని హేమలత గిద్దలూరు వచ్చింది. బిల్లులో ఏం అమ్మినట్టు రాయాలో ఆమెకు తోచలేదు. రాతకొచ్చేసరికి బ్రహ్మం తన పద్ధతికే వచ్చాడు. తొక్కనిదే రాయనన్నాడు. బల్ల కింద చెప్పులు విడిచి, అద్దాలపెట్టె కళ్లకు కట్టించుకుని, చేతులు ముందుకు చాపుకుంటూ పంచలో నడవడం మొదలుపెట్టాడు. మస్తానయ్య టీ గ్లాసులు పక్కకు జరిపాడు.

“కుడికి పోవాక అన్నా, అది నా స్టాంపుల పెట్టె.”

దుకాణం చూసి బ్రహ్మం మురిసిపోయాడు. గడప బాగుంది, గాలి బాగా ఆడుతుంది అన్నాడు. గాలి ఆ పంచలోదేనని ఎవరూ చెప్పలేదు. తర్వాత హద్దులకొచ్చాడు.

“తూర్పున ఏముంది పాపా?”

“బజారు మామా. పోయిన నెల దాకా సముద్రం ఉండె. ఈ లోకం నడిపే కంపెనీవాళ్లు తీసేసినారు.”

“సముద్రాన్నా?”

“ముందే మెయిలు పెట్టినారులే.”

“మన కంభం చెరువు సంగతి వాళ్ల చెవిన పడనీయొద్దమ్మా,” అన్నాడు మస్తానయ్య.

బ్రహ్మం నవ్వలేదు. ఉన్నచోటే నిలబడిపోయాడు. “రేపు నీ దుకాణం కింద చోటు కూడా తీసేయొచ్చునా?”

“షరతుల్లో అట్లనే ఉంది మామా. వాళ్లు మూసేస్తే మనం అడిగేదానికి లేదు.”

ఆయన పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. కళ్లు నులుముకున్నాడు. అన్నేళ్లలో తొక్కిన చేలన్నీ ఆయనకు గుర్తొచ్చి ఉంటాయి. వాటిలో యజమాని చచ్చినా, దావా పడినా, కరువొచ్చినా చోటు కదిలినది ఒక్కటీ లేదు.

“ఇది నేల కాదు పాపా,” అన్నాడు. “త్రిపురాంతకం తిరునాళ్లలో గాజులంగడికి చోటిస్తారు చూడు, అట్లాంటిది. వాడుకోనిస్తారంతే. దానికి టాక్స్ పడుతుంది. నేను తొక్కకుండా చెప్పినాను, తప్పు చెప్పినాను.”

నూటికి పద్దెనిమిది చొప్పున యాభై నాలుగు వేలు. హేమలత మనసులోనే లెక్క వేసుకుంది. ధర ముందే ఒప్పుకున్నది కాబట్టి అది బోరు డబ్బులోంచే పోవాలి. సగం లోతుకు బోరు ఎవరేస్తారు? అయినా పన్ను తన డబ్బులోంచే కట్టేస్తానంది. తిట్టకపోవడమే బ్రహ్మానికి ఎక్కువ బాధైంది.

కొనేవాళ్లకు ఫోను కలిపి తనకిమ్మన్నాడు. చీరల కంపెనీలో లెక్కలు చూసే క్రాంతి కుమార్ ఎత్తాడు. బ్రహ్మం తన పేరు, ఊరు, వృత్తి చెప్పి, తప్పు ఆడపిల్లది కాదని, సలహా తనదని, పన్ను విడిగా కలుపుకోనివ్వమని అడిగాడు. అవతల కాసేపు కాగితాల చప్పుడు. తర్వాత క్రాంతి కుమార్ నెమ్మదిగా చెప్పాడు, ఇలాంటి బిల్లుల మీద తాము కట్టిన పన్నును, చీరల అమ్మకంపై ప్రభుత్వానికి కట్టాల్సిన దాంట్లో తగ్గించుకుంటారట, కాబట్టి కలిపితే వాళ్లకు నష్టం లేదట.

“మీరు పన్ను లేకుండా పంపుంటే బిల్లు వెనక్కి పంపేవాణ్ణండీ,” అన్నాడు చివర్లో.

వెనక్కి అన్న మాట వినగానే బ్రహ్మం కుర్చీలో కూలబడ్డాడు. మస్తానయ్య ముందు నవ్వాడు, తర్వాత హేమలత, ఆఖరికి బ్రహ్మం. ఆ ముగ్గురి నవ్వుకు ఆఫీసు లోపలి గుమాస్తా కిటికీ తెరిచి చూశాడు.

బిల్లు మాటలు ఆయనే చెప్పాడు. నేల అన్న మాట ఎక్కడా రానీయలేదు. వాడుకునే హక్కు, కట్టిన దుకాణం, ఆ పైన పన్ను. అయినా అలవాటు పోక, అడుగున నాలుగు హద్దులూ రాయించాడు. తూర్పు: బజారు, పూర్వం సముద్రం. ఆ వరుసకు హైదరాబాదులో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఫీజు తీసుకోలేదు. కొమరోలు బస్సు దాకా తోడు వెళ్లాడు. బస్సు కదిలే ముందు కిటికీ దగ్గరికొచ్చి ఒక్క మాట అడిగాడు.

“పాపా, వాళ్లు తీసేయకముందు ఆ సముద్రం ఎట్ల ఉండె?”

హేమలత చెప్పడం మొదలుపెట్టింది. బస్సు కదిలింది. ఆయన వింటూ పక్కనే నాలుగడుగులు నడిచాడు. అప్పుడు చూసుకున్నాడు, చెప్పులు పంచలోనే మరిచిపోయానని.