రెండో కాలు

శ్యామలక్క పోయిందని ఫోనొచ్చినప్పుడు నేను బాన్సువాడ బస్టాండులో ఆమె కోసమే ఎదురుచూస్తున్నాను. నెలకో ఆదివారం హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడి పిల్లల్ని చూసేది. కారుండీ బస్సే ఎక్కేది, కాసేపు నిద్రపోవచ్చని. ఆ ఉదయం ఇంట్లో చెప్పులు వేసుకుంటూ కూలిపోయిందట. సంగతి తెలిశాక కూడా, ఆమె రావలసిన బస్సు వచ్చి ఖాళీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆమె మా పెద్దనాన్న కూతురు. దెబ్బలు తగిలి రక్తనాళాలు చిట్లిన పిల్లలకు, పెద్ద కోత లేకుండా, తొడ దగ్గర సూదిబెజ్జంలోంచి సన్నటి గొట్టం పంపి రక్తస్రావం ఆపే డాక్టరు. గొప్పలు ఆమెకు గిట్టేవి కావు. ఒక్క సంగతే చెబుతాను.

కొన్నేళ్ల కిందట బిచ్కుంద దగ్గరి తండాలో అనిత అనే పిల్ల, నరికిన చెరుకు మోడు మీద పడింది. ఎడమ తొడలో నాళం చిట్లి కాలు రాయిలా వాచింది. అక్క కుడి తొడ నుంచి గొట్టం పంపి, రక్తం కారుతున్న చోటును మూసింది. పిల్ల నానమ్మ సక్కుబాయికి నమ్మకం కుదరలేదు.

“కోత లేదు, కుట్లు లేవు. గింత పట్టీ ఏసి అయిపోయిందంటవేంది డాక్టరమ్మా?”

“కుట్లే గావాల్నంటే నీ సంచి చినిగింది, దానికేస్త. ఇటు రా అవ్వా.”

అక్క ఆమె వేళ్లు పట్టుకుని పిల్ల కుడి పాదం మీద పెట్టింది. “నాడి కొట్టుకుంటుందా?”

“గిది మంచి కాలే గదా?”

“మంచి కాలే. గందుకే ఎవ్వరూ చూడరు.”

పిల్లల నాళాలు సన్నగా ఉంటాయి. గొట్టం దూర్చిన చోట మూసుకుపోతే నొప్పి తెలియకపోవచ్చు, కాలు మాత్రం రెండోదానితో సమానంగా ఎదగకపోవచ్చు. “దెబ్బ తగిలిన కాలును అందరూ చూస్తారు. మనం వెళ్లొచ్చిన కాలును మనమే చూడాలి” అనేది అక్క. మచ్చ లేకపోతే ఇంటివాళ్లు మరిచిపోతారని తనే ఇక్కడికి వచ్చేది. అనిత ఎదుగుదల పూర్తయ్యేదాకా చూస్తానని మాటిచ్చింది.

దినాల నాడు సక్కుబాయి మనవరాలితో వచ్చింది. అనిత ఇప్పుడు నానమ్మను మించి పొడుగు, నడకలో తేడా లేదు.

“అక్క లేదు గదా అవ్వా, ఇగ వేరే డాక్టరుకు చూపియ్యాలె,” అన్నాను.

“చూపిస్త తమ్మీ. అయితే ముందుగాల ఈ డాక్టరమ్మకు చెప్పాలె.”

అక్క లాంటి మనిషి మాకు మళ్లీ దొరకదు. అక్క ఫొటో ముందు సక్కుబాయి అనితను కూర్చోబెట్టి, కుడి పాదం ఒళ్లో పెట్టుకుని, వేళ్లానించి కళ్లు మూసుకుంది.

“కొట్టుకుంటుంది డాక్టరమ్మా,” అంది.

ఆ తర్వాతే ఎడమ పాదం అందుకుంది.