బోధన్ నుంచి తెచ్చిన శాక్సాఫోన్

మొన్న మా ఆడపడుచు మనవరాలి పెండ్లికని నిజామాబాద్‌లో ఒక ఫంక్షన్ హాలుకు పోయాను. మోకాళ్ల నొప్పులతో మూలన ఒక కుర్చీ వెతుక్కుని కూర్చున్నానో లేదో, ఇరవై ఏండ్లు నిండాయో లేదో తెలియని ఒక అమ్మాయి మెడలో శాక్సాఫోన్ వేసుకుని వేదిక ముందుకొచ్చి ఊదడం మొదలుపెట్టింది. అందరూ ఫోన్లు పైకెత్తారు గానీ ఎవరూ వింతగా చూడలేదు. నాకు మాత్రం అన్నం సహించలేదు, ముందుగానే ఇంటికొచ్చి పడుకున్నాను.

మా బాపుకు బ్యాండ్ మేళం ఉండేది. ఆయనది క్లారినెట్. మేళంలో పాడైన వాయిద్యాలను ఇంట్లోనే బాగుచేసి, సరిగ్గా పలుకుతున్నాయో లేదో నాచేత ఊదించి చూసేవాడు. అట్లా ఊదుతూ ఊదుతూనే నాకు పాటలు పట్టుబడ్డాయి. నేను పదో తరగతి తప్పి బీడీలు చుట్టడానికి కూర్చున్న ఏడు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ పని మానుకున్న ఒక ముసలాయన తన పాత టెనర్ శాక్సాఫోన్ అమ్ముతున్నాడని తెలిసింది. టెనర్ అంటే మామూలు శాక్సాఫోన్ కన్నా పెద్దది, బరువైన గొంతు. అదుంటే పెద్దింటి పెండ్లిండ్లు మనకే వస్తాయని బాపు ఆశ. అప్పటికే ఆయనకు చూపు సరిగ్గా ఆనేది కాదు, అందుకని తోడుగా నన్ను తీసుకుపోయాడు.

ముసలాయన మంచం కింద నుంచి పెట్టె లాగి, అందులోని పాత పంచె విప్పి దాన్ని బయటకు తీశాడు. ఫ్యాక్టరీ తొలినాళ్లలో ఎవరో అధికారి పోతూ పోతూ ఇచ్చిపోయాడట. పైపూత పోయి, ఇత్తడి మబ్బుపట్టినట్టుంది. బాపు రెండుసార్లు ఊదాడు. పైస్వరాలు పలికాయి గానీ కింది స్వరాల దగ్గర ఊపిరి అందక దగ్గు వచ్చింది.

"నాతోని అయితలేదు బిడ్డా, నువ్వొక్కసారి ఊదు," అన్నాడు.

ఊదాను. ఆ శబ్దం నా పక్కటెముకల్లో మోగినట్టనిపించింది. ఏ పాట ఊదానో గుర్తులేదు, ముసలాయన మంచం మీద లేచి కూర్చోవడం మాత్రం గుర్తుంది.

"ఇగ దీనికి మనిషి దొరికింది. తీస్కపోండ్రి," అన్నాడు.

తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని, పెండ్లి ఊరేగింపులో, బరాత్‌లో అందరికన్నా ముందు నడుస్తున్నట్టు ఊహించుకుంటూ వచ్చాను. బస్సు దిగాక ఆ మాట బాపుతో అనేశాను కూడా.

"ఆడివిల్లను బరాత్‌ల నడిపిస్తే రేపు నిన్నెవరు చేసుకుంటరు బిడ్డా? నాకు మాత్రం నిన్ను ఊదనియ్యాలని మనసు లేదా?" అన్నాడు.

వారం తిరక్కుండా ముప్కాల్ నుంచి ఒక పిల్లగాణ్ణి మేళంలోకి తెచ్చాడు. టెనర్ అతని చేతికిచ్చి, నేర్పే పని నాకు అప్పజెప్పాడు. రెండేండ్లకు నన్ను కూడా అతనికే ఇచ్చి పెండ్లి చేశాడు. మా ఆయన మంచివాడు. ముప్ఫై ఏండ్లకు పైగా ఆయన బరాత్‌లలో ఊదాడు, నేను ఇంట్లో బీడీలు చుట్టాను, తీరిక దొరికినప్పుడు ఆ ఇత్తడిని తుడిచాను, మీటల కింద ఎండిపోయిన తోలుబిళ్లలు మార్చాను. పిల్లలతో, పనితో, దాన్ని నోట పెట్టుకోవాలన్న ధ్యాసే లేకుండా పోయింది.

డీజేలు వచ్చి మేళం మూతపడ్డాక, ఆయనకు ముందుపండ్లు కూడా ఊడిపోయాక, ఒక పొద్దున ఆయన ఊదేచోట కొత్త రీడు, అంటే పలుచటి రేకు, కట్టి శాక్సాఫోన్ నా చేతికిచ్చాడు.

"ఇప్పుడు మనల్ని అడిగేటోడు ఎవడున్నడు? ఊదు," అన్నాడు.

శక్తికొద్దీ ఊదాను. ఏండ్ల తరబడి పొగాకు దుమ్ము పీల్చిన రొమ్ములోంచి ఉత్త గాలి బుస్సుమని వచ్చింది. ఇంకోసారి ఊదితే దగ్గు తెర కమ్ముకుంది. ఆయన దాన్ని మెల్లగా నా చేతుల్లోంచి తీసుకున్నాడు.

"రీడు మంచిగ లేదు. వేరేది తెస్త," అన్నాడు.

మరోటి తేలేదు, నేనూ అడగలేదు. ఆ తరువాతి ఏడే ఆయన పోయాడు.

నన్ను ఆపినవాళ్లలో చెడ్డవాళ్లు ఒక్కరూ లేరు. అందుకే కోపం ఎవరి మీద తెచ్చుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు. కాలం మారింది, మంచిగానే మారింది. బాపు ఇప్పుడుంటే, బహుశా తనే నా చేయి పట్టుకుని మేళం ముందు నిలబెట్టేవాడు.