నాన్నకి తమ్ముణ్ణి చూపించాలనుకున్న మధ్యాహ్నం

మా చిన్నప్పుడు... కంచరపాలెంలో మా ఇంటి ముందు గదిలో ఒక పాత కంప్యూటర్ ఉండేది. ఉప్పుగాలికి తుప్పు పడుతుందని అమ్మ తన పాత చీరతో దానికి ముసుగు కుట్టింది. వేడెక్కితే ఆగిపోతుందని డబ్బా పక్క రేకు ఊడదీసి, టేబుల్ ఫ్యాను దానివైపే తిప్పేవాళ్ళం... మాకు మాత్రం విసనకర్రలు!

అది మొరాయిస్తే నెట్‌లో ఒక గ్రూపే మాకు దిక్కు. ఇంట్లో కంప్యూటర్‌తో తిప్పలు పడేవాళ్ళంతా అక్కడ చేరి, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేసుకుంటూ చిట్కాలు చెప్పుకునేవారు. అందులో సిస్టమ్ బావ అని ఒకాయన, రుషికొండ రాజు అని ఇంకొకాయన. అసలు పేర్లూ తెలియవు, ముఖాలూ తెలియవు. ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్దడం నాకు నేర్పింది బావే. రాజుగారికి మాత్రం ఏ రోగానికైనా ఒకటే మందు... "రీస్టార్ట్ సెయ్."

మా నాన్న ఓడ మీద పనిచేసేవాడు. తమ్ముడు అమ్మ కడుపులో ఉండగానే ఓడెక్కేశాడు. తమ్ముడు పుట్టాక ఫోటో పంపుదామంటే మా మామ్మ, అంటే నాన్నవాళ్ళ అమ్మ, ససేమిరా అంది. అన్నప్రాశన కాకుండా పసివాడికి ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గిపోతుందట! వెబ్‌కామ్‌లో చూపించడం ఫోటో కాదు, అద్దంలో చూసుకున్నట్టే అని వాదించి వాదించి చివరికి ఒప్పించాను.

దసరా వెళ్ళిన వారం నాన్న మెయిల్ పెట్టాడు. ఓడ ఏదో రేవులో ఆగుతోందనీ, మధ్యాహ్నం కాసేపు ఒడ్డుకి దిగనిస్తారనీ, అక్కడ నెట్ సెంటర్ ఉందనీ... మళ్ళీ ఎప్పుడు దిగుతాడో ఆయనకే తెలియదు.

ఆ రోజు అమ్మ తమ్ముడికి నలుగు పెట్టి స్నానం చేయించి, కాటుక దిద్ది, బుగ్గన దిష్టిచుక్క పెట్టింది. నెట్ కలిసింది. నాన్న పేరు పక్కన పచ్చ దీపం వెలిగింది. కానీ మా బొమ్మ రావాల్సిన గడిలో... ఎర్రటి మసక తప్ప ఏమీ లేదు.

"గుంటడేడి? అంతా ఎర్రగా ఉంది" అని నాన్న టైప్ చేశాడు.

"ఏటే, సూత్తన్నాడా మీ నాన్న?" అంటూ అమ్మ తమ్ముణ్ణి రెండు చేతులతో కెమెరా ముందుకి ఎత్తి పట్టుకుంది.

నాకు కంగారు పుట్టింది. తెర మీదే పక్క కిటికీలో గ్రూపు తెరిచి మొర పెట్టుకున్నాను.

"లైటు సాల్లేదేమో సూడమ్మా" అన్నాడు బావ. ట్యూబ్‌లైటు వేసి, తలుపులు బార్లా తీశాను. లాభం లేదు. "అయితే కలర్ సెట్టింగు తేడా అయుంటాది." అదీ మార్చాను. ఎరుపు కాస్తా నలుపయింది. "డ్రైవరు మళ్ళీ ఎక్కించు." డ్రైవరంటే కెమెరాని నడిపించే ప్రోగ్రాము, సీడీ వెతికి అదీ ఎక్కించాను. ఎప్పుడూ మాట్లాడనివాళ్ళు కూడా వచ్చి "ఏటైంది? వచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. పాపం, అందరూ పనులు మానుకుని మాకోసం కూర్చున్నారు. ఒక్కరి చిట్కా కూడా పనిచేయలేదు.

అమ్మ మాత్రం కెమెరాతో మాట్లాడుతూనే ఉంది. "ఇదిగో, నవ్వుతన్నాడు సూడండి... అచ్చం మీ పోలికే కదా!" మైకు లేదు కనక అవతల నాన్నకి మా మాట కూడా వెళ్ళడం లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

చివరికి రాజుగారి మందే మిగిలింది. "ఉండు నాన్నా, ఇప్పుడే వత్తాను" అని కొట్టి రీస్టార్ట్ చేశాను. మా కంప్యూటర్ సంగతి తెలుసుగా... డిస్కు తనిఖీ అంటూ నీలం తెర వేసుకుని కూర్చుంది. ముగ్గురం ఆ తెర వంకే గుడ్లప్పగించి చూశాం. తిరిగి నెట్ కలిసేసరికి నాన్న పేరు పక్కన దీపం ఆరిపోయింది. కింద ఒక మాట ఉంది. "టైమైపోయింది. ఎలిపోతన్నాను. గుంటడు జాగర్త."

అమ్మ ఇంకా తమ్ముణ్ణి దించలేదు.

సాయంత్రం కంప్యూటర్‌కి ముసుగు వేస్తుంటే మామ్మ వచ్చి, "ఇందులో మనల్ని సూసే కన్నేదే?" అని అడిగింది. "ఇదిగో మామ్మా" అని వేలు పెట్టి చూపించాను. వేలికి గంధం, కుంకుమ అంటుకున్నాయి.

దసరాకి ఆయుధపూజ చేసినప్పుడు గ్రైండరుకీ, కుట్టుమిషనుకీ, గ్యాసుపొయ్యికీ పెట్టినట్టే కెమెరాకీ అమ్మ బొట్టు పెట్టింది. గుండ్రంగా ముఖంలా ఉందేమో, సరిగ్గా నడిమధ్యన పెట్టింది. ఇంట్లో ప్రతి వస్తువుకీ బొట్టుంటే ఆ ఒక్క బొట్టు ఎవరి కంటికి ఆనుతుంది? అమ్మ చెంగుతో దాన్ని తుడిచి, తుడిచి... అక్కడే కూర్చుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంతకంటే ఏం చేయగలం?

నాన్న వచ్చేసరికి తమ్ముడు పాకేస్తున్నాడు. ఆయన్ని చూసి ఎవరో అనుకుని గుక్కపట్టి ఏడ్చాడు.

తర్వాత ఆ గ్రూపు మూతపడింది. సిగ్గుతో వాళ్ళకి అసలు సంగతి చెప్పనేలేదు. సిస్టమ్ బావా, రాజుగారూ... ఇది మీ కంటపడితే, తప్పు డ్రైవరుది కాదండి, బొట్టుది! ఇప్పుడు ఏదైనా పాడైతే ఫోన్లో మెషిను గొంతు ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. మనతోపాటు దిక్కుతోచక కూర్చునేవాళ్ళే లేరు. మీకూ అలాంటి ముఖం తెలియని నేస్తాలు ఉండేవారా? ఉంటే కింద రాయండి...

ఇప్పుడు నాన్న ఇంటిపట్టునే ఉంటున్నాడు. నెలల పిల్లాడైన నా కొడుకుని రోజూ వీడియో కాల్‌లో చూస్తాడు. నిన్న వాణ్ణి చాలాసేపు చూసి, పక్కనున్న అమ్మని మెల్లిగా అడిగాడు... "మనోడు కూడా ఇలాగే ఉండేవోడేటి?"

అమ్మ ఫోను తీసుకుని, శుభ్రంగానే ఉన్న కెమెరాని చెంగుతో మళ్ళీ తుడిచింది.