ములుకోల పట్టని మికియోన్

కృత్తికలు తెల్లవారుజామున మెగారా కొండల వెనక్కి కుంగాయంటే గ్రీసు దేశపు ఎలియూసిస్ రైతులకు నాగలి కట్టే వేళ వచ్చినట్టే. అయినా రారియా చేనులో మొదటి చాలు పడేదాకా ఆ ఊళ్లో ఎవరూ నాగలి మేడి ముట్టరు. పంటల దేవత దెమేతర్ తల్లి చేతి నుంచి తొలి యవలగింజలు అందుకొని, రెక్కల పాముల రథమెక్కి లోకమంతటా విత్తిన త్రిప్తోలెమోస్ ముందుగా దున్నిన మట్టి అది. ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ తొలి చాలు మికియోన్ చేతి మీదుగానే పడుతోంది.

మికియోన్ పొట్టివాడు. మెడ మీద ఎడమవైపు కాయకాచిన గుర్తు ఒకటుంది. ఇరవయ్యో ఏట అతడు ఒక ఎద్దును ములుకోలతో పొడిస్తే తొడ చీముపట్టి అది నెల రోజులు లేవలేదు. తండ్రి కోప్పడలేదు. త్రిప్తోలెమోస్ మనకు చెప్పినవి మూడే మాటలనీ, తల్లిదండ్రులను గౌరవించమనీ, దేవతలకు పంట సమర్పించమనీ, మూగజీవాన్ని హింసించవద్దనీ శాంతంగా గుర్తుచేసి, కుంటి ఎద్దు స్థానంలో కొడుకు భుజానికే కాడి ఎత్తాడు. ఆ దుక్కి ముగిసిన నాడు మికియోన్ ములుకోలను పొయ్యిలో పెట్టి, దాని మంట మీదే పప్పు ఉడికించుకు తిన్నాడు. మళ్లీ ములుకోల ముట్టలేదు.

ఇప్పుడతనికి అరవై ఎనిమిది. మోకాళ్లు పట్టేస్తున్నాయి. పెద్దతండ్రి మనుమడు తెలెసోన్‌కు ఆ మేడి మీద కన్నుంది. ఆ ఏడు ఆలయ పెద్ద ఖైరిప్పోస్ ఎదుట అతడు మాట దాచుకోలేదు.

"బాబాయ్, ఎద్దుల్ని కొత్తల్లుళ్లలా మేపుతున్నావు. అవి నీ మాట వింటున్నాయో, నువ్వే వాటి మాట వింటున్నావో చెప్పడం కష్టంగా ఉంది."

"ఇద్దరం వింటాం లేరా. అందుకే చాలు వంకర పోదు," అన్నాడు మికియోన్.

వాదం పెరగకుండా ఖైరిప్పోస్ ఒక కట్టడి చేశాడు. ఆచారం ప్రకారం చాలు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెగకుండా సాగాలి, కర్రు మట్టి విడిచి పైకి లేవకూడదు. దున్నేవాడు, సాటివారికి సాయపడనివారిని శపించే ఆచారపు శాపవాక్యాలు తప్ప వేరే మాట పలకకూడదు. చూసేవారు నోరు మెదపకూడదు. ఈసారి వీటిలో ఏది తప్పినా మేడి తెలెసోన్‌ది. మికియోన్ సరేనన్నాడు. ఇంటికి వెళ్లి చెబితే భార్య మెలిత్త, మోకాళ్లను అడిగి ఒప్పుకున్నావా అని దెప్పి, వాటికి ఆలివ్ నూనె మర్దనా చేసింది.

దుక్కినాడు ఎండ పలుచగా ఉంది. ఊరంతా గట్ల మీద మౌనంగా నిలబడింది. ఎడమవైపు దాపట ఎద్దు పిర్రోస్‌ను, కుడివైపు వలపట ఎద్దు లాంపోన్‌ను కట్టి మికియోన్ కర్రు దించాడు. ఎద్దులు కదిలాయి. వాటి అడుగుల లయకే అతని గొంతు కలిసింది: "అడిగినవానికి నిప్పును, నీటిని ఇవ్వనివాడు నశించుగాక. దారి తప్పినవానికి దారి చూపనివాడు నశించుగాక."

చేను సగం దాటేసరికి, తడి రెల్లులో చుట్టిన, పాముల్లాంటి మలుగు చేపల బుట్టలు మోస్తున్న గాడిదతో పొరుగు సీమ బియోషియా ముసలమ్మ ఒకతె గట్టు దగ్గరికి వచ్చింది.

"నాయనా, రేవుకు దారెటు? రెండుసార్లు తిరిగి తిరిగి ఇక్కడికే వచ్చాను. చేపలు చచ్చేలా ఉన్నాయి."

ఎవరూ పలకలేదు. కొందరు పెదవులపై వేలు పెట్టుకున్నారు. ఆమె గుంపును ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది.

"మా సీమవాళ్లను మొద్దులంటారు మీరు. మేం కనీసం మాట్లాడతాం."

రేవు దారి ఆలివ్ తోట వెనుక చీలుతుంది. ఇక్కడి నుంచి వేలు చూపితే తెలిసేది కాదు. గట్టు వదిలితే చాలుకు సాక్ష్యం తప్పుతుందేమోనని జనం జంకారు. మికియోన్ జంకలేదు. ఇరవై తొమ్మిదేళ్లుగా తాను పలుకుతున్న శాపం ఈ రోజు తన తల మీదికే వచ్చి నిలిచిందని అతనికి స్పష్టంగా తెలుసు. దానిని పలికిన నోటితోనే తప్పించుకుపోవడం అతని వల్ల కాదు.

నాలుకతో చిన్న చప్పుడు చేశాడు. ఎద్దులు ఆగాయి. మేడిని కిందికి అదిమి కర్రును ఇంకో బెత్తెడు లోతుకు దించి వదిలేశాడు. పిర్రోస్ మెడ మీద అరచెయ్యి ఒక్కసారి ఆనించి, చేను దాటి, ముసలమ్మ చెయ్యి పట్టుకొని తోట వెనక్కి నడిచాడు. చీలిక దగ్గర సముద్రం కనిపించే దారిని చేత్తో చూపించి వెనుదిరిగాడు. ఒక్క మాట అనలేదు. ఆమె మాత్రం దారంతా మాట్లాడుతూనే ఉంది.

అంతసేపూ తెలెసోన్ ఎద్దుల మీది నుంచి చూపు మరల్చలేదు. ఈగలు ముసిరాయి. లాంపోన్ తోక ఊపింది. కాళ్లు కదపలేదు. కాళ్లు ఈడ్చుకుంటూ మికియోన్ వచ్చి మేడి పట్టాడు. ఆగిన మాట దగ్గరే మళ్లీ అందుకొని, అవతలి గట్టు దాకా చాలు తీసి కర్రు పైకెత్తాడు.

ఖైరిప్పోస్ తెలెసోన్ వైపు తిరిగి కర్రు లేచిందా అని అడిగాడు.

"లేదు," అన్నాడు తెలెసోన్. కాసేపటికి మికియోన్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "బాబాయ్, వెళ్లేముందు వాటికి ఏం చెప్పావు?"

"ఇవాళ ఏం చెప్పలేదురా. అవి దూడలప్పటి నుంచీ, తొమ్మిదేళ్లుగా చెబుతూనే ఉన్నా."

సాయంత్రం మెలిత్త గడపలో రెల్లు చుట్టిన మలుగు చేప ఒకటి కనిపించింది. దారి కనుక్కోలేని మనిషి ఇల్లెలా కనుక్కుందని ఆమె విస్తుపోయింది.

ఆ మీదట మికియోన్ ఇంకా నాలుగేళ్లు ఆ చాలు దున్నాడు. ఆ ఏటి దుక్కి తర్వాత వచ్చిన వసంతంలో, యవలు మోకాలెత్తు పెరిగాక, నాగలి ఆగిన చోటు ఎక్కడో చూద్దామని తెలెసోన్ ఒంటరిగా చేనుకు వెళ్లాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మూడుసార్లు నడిచాడు. పైరు అంతటా ఒకేలా ఉంది, చోటు దొరకలేదు. ఇంటికి తిరిగివచ్చి, తన ములుకోల తీసి పొయ్యి పక్కన పెట్టాడు.