డ్రెయిన్ పైపు మీద బిగించిన మీటరు

ఉద్యోగ విరమణకు మూడేళ్ల ముందు, ఒక డిసెంబరులో, చిక్కడపల్లిలోని హైడ్రాలిక్ పంపుల మరమ్మతు వర్క్‌షాపులో నేను పరీక్షా విభాగం ఇన్‌చార్జిగా ఉన్నాను. టెస్ట్ బెంచికి ఫ్లోమీటరు ఎంచే పని నాకు అప్పగించారు. పిస్టన్ పంపు లోపల కొంత ఆయిల్ ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. అది డ్రెయిన్ అనే సన్నటి పైపు గుండా ట్యాంకుకు చేరుతుంది. ఎంత జారుతోందో కొలిస్తే పంపు ఎంత అరిగిందో తెలుస్తుంది.

అశోక్‌నగర్‌లో మా ఇంట్లో కూర్చుని కాటలాగు చూశాను. కచ్చితత్వం ఎక్కువని చిన్న సైజు గేర్ మీటరు ఎంచాను. దాని లోపలి పళ్లచక్రాలను ఆయిలే తోసుకుంటూ పోవాలి.

డ్రెయిన్ పైపుకు మీటరు బిగించిన మర్నాడు పొద్దున, బాగుచేసిన పంపును నడపగానే, తిరిగే షాఫ్ట్ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే సీలు ఊడి ఆయిల్ చిమ్మింది. ఆ సీలు వేసినవాడు మా సీనియర్ మెకానిక్ యాదగిరి.

"సీలు ఉల్టా ఎక్కియ్యలే సార్. మీటరు పెట్టినంకనే గిట్లయింది. చలికి ఆయిల్ నెయ్యి లెక్క చిక్కగైంది, జర సూడుండ్రి" అన్నాడు.

"కంపెనీ మీటరుకే వంకలు పెడ్తున్నవా?" అన్నాను.

"మీటరుకు కాదు సార్, తెచ్చినోళ్లకు."

పనివాళ్లు నవ్వారు. నాకు మండింది. ఆ పంపు పరీక్ష రిపోర్టులో 'బిగింపు లోపం: యాదగిరి' అని రాసి సంతకం చేశాను. యజమాని అతణ్ణి ఆ రోజే పనిలోంచి తీసేశారు.

అతని తప్పు రుజువు చెయ్యాలన్న పంతంతో మర్నాడు పొద్దున్నే కొత్త సీలు నేనే వేశాను. అదీ ఊడింది. అప్పుడు మీటరుకు ముందు ప్రెషర్ గేజి పెట్టించాను. ఆయిల్ మీటరు దాటలేక పంపులోకే వెనక్కి తన్ని, రెండు బార్‌కు మించి ఒత్తిడి తట్టుకోలేని సీలు మీద ఐదు బార్ పడుతోంది. చిక్కటి ఆయిల్‌ను ఆ మీటరు ఎంతగా అడ్డుకుంటుందో కాటలాగు చివరి పేజీలో గ్రాఫు గీసి ఉంది. నేను ఆ పేజీ దాకా వెళ్లలేదు.

నల్లకుంటలో యాదగిరి ఇంటికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. "నౌకరీ యాడనన్న దొరుకుతది సార్. గా కాయితంలకెల్లి నా పేరు తియ్యుండ్రి" అన్నాడు.

రిపోర్టు అప్పటికే ఆ పంపు పంపించిన నారాయణగూడ కస్టమరుకు చేరింది. "వాపస్ తెస్తే మన ఇజ్జత్ ఏముంటది?" అని యజమాని అడ్డుచెప్పారు. నేను వినలేదు. 'ఎంపిక లోపం' అని నా పేరుతో కొత్త రిపోర్టు రాసి, స్వయంగా తీసుకెళ్లి ఇచ్చి, పాతది వెనక్కి తెచ్చాను. బెంచికి పెద్ద సైజు మీటరు పెట్టాం. యాదగిరి మాత్రం తిరిగి రాలేదు, ముషీరాబాద్‌లో వేరే షాపులో చేరాడు.

డ్రెయిన్ లైనుకు మీటరు ఎంచేటప్పుడు పొద్దుటి చల్లటి ఆయిల్‌కు అది ఎంత అడ్డుపడుతుందో ముందు చూడాలి. కచ్చితత్వం సంగతి ఆ తర్వాత. లోపం అనే గడిలో మనిషి పేరు రాసే ముందు గేజి పెట్టాలి. నేను పేరు ముందు రాశాను, గేజి తర్వాత పెట్టాను.