గిద్యోనన్న కొన్న జారుడు గుట్టలు

నేల ఏటవాలుగా కనబడితే చాలు, మా గిద్యోనన్న కొనకుండా ఉండలేడు. సమంగా ఉన్న భూమి అంటే ఆయనకు చిన్నచూపు. బావి కింద నల్లరేగడి మడి చూపించి తీసుకొమ్మంటే, దీని మీద ఎవడు జారుతాడని పెదవి విరిచేవాడు. మేక కూడా ఆలోచించి అడుగు వేసే రాళ్లగుట్ట చూపిస్తే మాత్రం కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోయేవాడు.

ఈ పిచ్చికి మూలం ఒక పాత క్యాలెండరు. గిద్యోనన్న ఇరవై ఏళ్లు మిషను బంగళాలో వంట చేశాడు. దొరసాని తన దేశానికి వెళ్లిపోతూ ఆయన చేతిలో కొంత సొమ్ము, గోడకున్న క్యాలెండరు పెట్టి వెళ్లింది. ఆ సొమ్ముతో ఇంటికి పెంకులు వేయించాలని భార్య విమలమ్మ ఆ రోజే తీర్మానించింది. క్యాలెండరు సంగతి ఎవరూ పట్టించుకోలేదు. కొంప మునిగింది అక్కడే.

అందులో మోకాలిలోతు మంచు పేరుకున్న కొండ ఉంది. కాళ్లకు చెక్కలు కట్టుకుని దొరలు, దొరసానులు కిందికి జారుతున్నారు. కొండ చుట్టూ ముద్దుగా చెక్క ఇళ్లు. ఆ కొండ పక్క నేలను తన తాత మేకల ధరకు అమ్ముకున్నాడని, జారుడు ఆట మొదలయ్యాక అక్కడ మంచమంత జాగా కూడా కొనలేకపోతున్నారని దొరసాని ఒకసారి వాపోయిందట. ఆవిడ వాపోయింది ఒక్కసారే. గిద్యోనన్న ఆ ముక్క రోజుకు పదిసార్లు చెప్పేవాడు.

"జారెటోడు జారి పోతడు సారూ. పక్కన ఇల్లున్నోనికి కిరాయి నిలుస్తది," అనేవాడు నాతో.

నేనప్పుడు మొయినాబాదు బడిలో కొత్త పంతుల్ని. లోకజ్ఞానం అంతా నా దగ్గరే ఉందనుకునే వయసు. మన దగ్గర మంచు ఎక్కడ పడుతుందన్నా అని అడిగాను.

"మంచు దేవుని పని. జాగ చూసి పెట్టుకునుడు మన పని," అన్నాడు. ఆ మాటకు భూగోళం పుస్తకంలో జవాబు లేదు.

కొనే ముందు గుట్టకు పరీక్ష పెట్టేవాడు. గోనెసంచి పట్టుకుని పైకెక్కి, సంచి మీద కూర్చుని, దేవుణ్ణి తలచుకుని కిందికి జారేవాడు. సర్రున వచ్చి పడితే గుట్ట పాసు. మధ్యలో ఆగిపోతే ఫెయిలు. హిమాయత్‌నగర్ పల్లె దగ్గర ఒక గుట్ట మరీ బాగా పాసవడంతో తిన్నగా వచ్చి రేగుకంపలో పడ్డాడు. ముళ్లు తీయడానికి నేనూ, విమలమ్మా కూర్చున్నాం. ముళ్లు పీకుతున్నంతసేపూ ఆ కంప కొట్టేస్తే అక్కడ నాలుగు గదులు వేయవచ్చని లెక్క చెబుతూనే ఉన్నాడు. ఆయన పైజామాల వెనక భాగంలో అసలు బట్ట ఏదో, అతుకు ఏదో విమలమ్మకే తెలియాలి.

ఆదివారం గుడిలో పాదిరిగారు కొండల గురించి ప్రసంగిస్తే, బయటికి వచ్చాక ఆ కొండ ఎంత ఏటవాలుగా ఉంటుందని ఈయన ఆరా తీసేవాడు. పాపం పాదిరిగారు కొన్నాళ్లకు ప్రసంగాల్లో కొండల జోలికి రాకుండా సముద్రం దగ్గరే ఆగిపోయేవారు.

అంతలో పందొమ్మిది వందల అరవై తొమ్మిది వచ్చింది, దాంతోపాటే ప్రత్యేక తెలంగాణ ఉద్యమమూ వచ్చింది. బడులు మూతపడ్డాయి. ఇవాళ బందు, రేపు హర్తాళు, ఎల్లుండి బస్సులు లేవు. ఒకరోజు చేవెళ్ల రోడ్డు మీద కుర్రాళ్లు జై తెలంగాణ అంటూ ఊరేగింపుగా వస్తుంటే, పక్క గుట్ట మీంచి గిద్యోనన్న గోనెసంచి మీద జారుతూ వచ్చి సరిగ్గా వాళ్ల ముందు ఆగాడు. ఇది కొత్త రకం నిరసన కాబోలని వాళ్లు చప్పట్లు కొట్టి, దండవేసి, నాలుగు మాటలు మాట్లాడమన్నారు. రాష్ట్రం వస్తే రాజధానిలో కొలువులు మనవే అవుతాయని, కొలువు చేసేవాళ్లకు ఆదివారం జారడానికి గుట్టలు కావాలని, వాటి పక్కన జాగాలు ఇప్పుడే చూసుకొమ్మని ఆయన ఉపన్యసించాడు. ఊరేగింపు చాలాసేపటి దాకా కదలలేదు. కదిలాక కూడా ఇద్దరు కుర్రాళ్లు వెనక్కి వచ్చి ధర ఎంతని అడిగి వెళ్లారు.

బడి లేకపోవడంతో నా చేతికి ఈయన పని దొరికింది. మా వైపు భూమి చేతులు మారడానికి ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు తక్కువ. తెల్లకాగితం మీద రాసుకుని, ఇద్దరు సాక్షుల ముందు వేలిముద్ర వేస్తే అయిపోయినట్టే. సాదాకాగితం అనేవాళ్లు. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని గిద్యోనన్న కాగితాలన్నీ నాతోనే రాయించాడు. ప్రతి దాంట్లోనూ చివర ఒక షరతు ఉండాల్సిందే: "గుట్ట మీద మోకాలిలోతు మంచు పేరుకున్న దినం దాకా భూమి అమ్మినవారి స్వాధీనంలోనే ఉండవలెను. అంతవరకు కొన్నవాడు దానిని ఇతరులకు అమ్మరాదు."

ఇదేం షరతన్నా, సొమ్ము ఇచ్చి భూమి కూడా వాళ్లకే వదిలేస్తావా అని అడిగాను.

"మంచు పడకముందు నాకెందుకు సారూ? వాళ్లే ఉంటే కాపలా జీతం మిగుల్తది," అన్నాడు. ఆ తెలివికి నేను ఇంటికి వెళ్లి ఒక్కణ్ణే నవ్వుకున్నాను. ఊరు కూడా నవ్వింది. విమలమ్మ ఒక్కతే నవ్వలేదు. వానొస్తే ఆమె ఇంట్లో గిన్నెలు వంటకు తక్కువ, చూరు కిందికి ఎక్కువ వాడేది. "పెంకులకు పెట్టిన పైసలు బండల పాలాయె," అని కనబడినవాళ్లందరికీ చెప్పుకునేది.

సాలమ్మ బండ కొన్న తీరు చెప్పాలి. సాలమ్మకు మొగుడు లేడు. బర్రె పెరుగు బస్సులో పట్నం తీసుకువెళ్లి అమ్ముకునేది. బస్సులు ఆగిపోయాక పెరుగు పులిసింది, దాణా నిండుకుంది. గత్యంతరం లేక బర్రెను చేవెళ్ల అంగడికి తోలుకుపోతుంటే గిద్యోనన్న ఎదురయ్యాడు. బర్రె వంక చూడనైనా చూడలేదు. ఆమె గుడిసె వెనక ఉన్న నున్నటి బండ మీద ఎన్నాళ్లుగానో కన్నేసి ఉంచానని, అది మరెవరికైనా అమ్మితే ఊరుకోనని రోడ్డు మీదే దబాయించాడు. బండను కూడా కొంటారని సాలమ్మకు తెలియదు. బర్రె ఇంటికి మళ్లింది. నేను కాగితం రాశాను, షరతుతో సహా.

మరుసటి ఏడు రాజమౌళి అనే రాళ్ల కాంట్రాక్టరు జీపులో దిగాడు. పట్నంలో మేడలు లేస్తున్నాయి, కంకర కావాలి. సాలమ్మ బండ మీద అతని కన్ను పడింది. ఆరా తీస్తే, కొన్నవాడు గిద్యోనన్న అని తేలింది. ఇచ్చినదానికి మూడింతలు ఇస్తానని ఇంటికొచ్చి కూర్చున్నాడు. విమలమ్మ ఆ రోజు చాయ్‌లో పాలు ఎక్కువ పోసింది. పెళ్లయ్యాక మొగుడి బేరం చూసి ఆమె నవ్వడం అదే మొదటిసారి. మూడింతలంటే ఇల్లంతా పెంకులే.

కంచె అవతల సాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బండకు తూటాలు పెట్టి పేలిస్తే దాని కిందున్న గుడిసె దక్కదు. బర్రెను కట్టేసుకునే నీడా అదే. ఆ పొద్దున్నే ఆమె నా దగ్గరకొచ్చి కాగితంలో ఏం రాశావో చెప్పమని బతిమాలింది. షరతు నాకు కంఠతా వచ్చు కనుక అప్పజెప్పాను. కాగితం ఒక్కటే ఉంది, అది గిద్యోనన్న పెట్టెలో ఉంది, ఆయన తలచుకుంటే చింపేయవచ్చు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. అందుకే వెళ్లకుండా అక్కడే నిలబడింది.

గిద్యోనన్న పెట్టెలోంచి కాగితం తీసి, పక్కనే కూర్చున్న నన్ను షరతు చదవమన్నాడు. చదివాను. రాజమౌళి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మోకాలిలోతు మంచా? పెద్దమనిషీ, యుగం అంతమైనా ఇక్కడ మంచు పేరుకోదు. అవతల పారెయ్ ఆ కాయితం."

"పేరుకోదని నాకు ఎరుకే," అన్నాడు గిద్యోనన్న. "అందుకే రాయించిన."

నేను చేతిలోని కాగితం వంక మళ్లీ చూశాను. అలాంటి కాగితాలు తొమ్మిది రాసిన చేయి నాది. మల్లప్ప దగ్గర గుట్ట కొన్నది అతని కాడెద్దు చచ్చిన వారంలో. మారయ్య దగ్గర బండ కొన్నది అతను దవాఖాన నుంచి వచ్చిన రోజున. వాళ్లెవరూ ఊరికే చేయి చాచే రకం కాదు. ఇవన్నీ నాకు తెలుసు, తేదీలు వేసింది కూడా నేనే. అయినా ప్రతిసారీ ఆయన్ని చూసి నవ్వాను. నాకు నిజంగా సిగ్గు వేసింది.

గిద్యోనన్నకు నాకంటే ఎక్కువ సిగ్గు వేసినట్టుంది. గబగబా గొంతు సవరించుకుని, "జారుడు మాత్రం మంచిగున్నది. అందుల అబద్ధం లేదు," అన్నాడు.

జీపు వెళ్లిపోయింది. సాలమ్మ కళ్లు తుడుచుకుంటూ బర్రె దగ్గరికి పోయింది. విమలమ్మ చాయ్ గ్లాసులు తీసుకుని ఏమీ అనకుండా లోపలికి వెళ్లింది. ఆ మౌనం చూసి నేను భయపడ్డాను. గిద్యోనన్న ఇంకా ఎక్కువ భయపడి, నన్ను మరికాసేపు కూర్చొమ్మన్నాడు.

నాలుగు రోజుల తరువాత విమలమ్మ మా ఇంటికి వచ్చింది. వెంట ముత్తమ్మ ఉంది. ముత్తమ్మ పెనిమిటికి కూలిపని దొరక్క రెండు నెలలైందని నాకు తెలుసు. ఆలూరు దారిలో వాళ్లకు ఎకరం రాళ్లు ఉన్నాయని మాత్రం అప్పుడే తెలిసింది. విమలమ్మ కొంగుముడి విప్పి, కోడిగుడ్లు అమ్మి పెంకుల కోసం దాచుకున్న సొమ్ము నా బల్ల మీద పెట్టింది.

"కాయితం నా పేరు మీద రాయి సారూ," అంది. "ఆయనకు చెప్పకు. పిచ్చిలేసిందంటడు."