అయ్యగారి వాక్యానికి నా బ్యాటరీ లెక్క

మొన్న ఈస్టర్ పొద్దున్నే, మేముండే కాపెల్ ఊళ్ళో, పార్కు చెరువు పక్కన, వందమంది ముందు నేనేమని అరిచానో వింటే మీరు టీ కప్పు కింద పెట్టేసి నవ్వుతారు. నవ్వండి, పర్లేదు. మా చర్చిలో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. బ్యాటరీలో ఇంకా ఎంత చార్జ్ ఉంది, ఎంతసేపు వస్తుంది అని చెప్పే చిన్న చిప్ ఒకటుంటుంది. ఫ్యూయల్ గేజ్ అంటాం. దాని లెక్క కరెక్ట్‌గా వచ్చేలా చూడటమే నా పని. ఇంతేనా అనిపిస్తుంది గానీ, తమాషా కాదండీ బాబూ! బ్యాటరీ లోపలికి తొంగిచూడలేం కదా. ఎంత కరెంట్ లోపలికెళ్ళింది, ఎంత బయటికొచ్చింది, చలెంత, బ్యాటరీ వయసెంత, ఇప్పుడెంత గట్టిగా వాడుతున్నారు... అన్నీ లెక్కేసుకుని ఆ బుల్లి చిప్ "ఇంకో నలభై నిమిషాలు" అని చెప్తుంది. నాకైతే దాన్ని చూస్తే ముద్దొస్తుంది. ఈ మాట మా ఆవిడ సునీత దగ్గర అనకూడదని ఈమధ్యే తెలిసింది.

మా తెలుగు చర్చికి ఓ పోర్టబుల్ స్పీకర్ ఉంది. పార్కులో ప్లగ్గులుండవు కాబట్టి ఈస్టర్ తెల్లవారు ఆరాధనకి అదే దిక్కు. దాని మీటరేమో పచ్చి అబద్ధాలకోరు. "ఇరవై నిమిషాలు" అని చూపించాక కూడా గంటసేపు మోగేది. ఎందుకైనా మంచిదని తయారుచేసినవాళ్ళు కొంత చార్జ్ లెక్కలో చూపించకుండా దాచిపెట్టారన్నమాట. నాకు ఒళ్ళు మండిపోయింది. మా చర్చిలో, నేనుండగా, తప్పు గేజా!

ఇంటికి తెచ్చి, విప్పి, లోపల కొత్త గేజ్ పెట్టి, దాని లెక్క నా ఫోన్‌లో కనపడేలా చేశా. గ్యారేజ్‌లో ఫుల్‌గా చార్జ్ చేయడం, పాటలు పెట్టి మొత్తం అయిపోయేదాకా వాడటం, మళ్ళీ చార్జ్ చేయడం. అలా చేస్తేనే బ్యాటరీలో నిజంగా ఎంత పడుతుందో చిప్ నేర్చుకుంటుంది. దాచిపెట్టిన రిజర్వ్ మొత్తం తీసేశా. ఇక జీరో అంటే జీరోనే!

సునీత ఒకటే అడిగింది. "నా పాటదాకా వస్తుందా అండీ?"

ఈసారి తనకి మొదటిసారి సోలో ఇచ్చారు. పెళ్ళయినప్పటినుంచీ చూస్తున్నా, కొయిర్‌లో ఎప్పుడూ వెనక వరసే. ముందుకి రమ్మంటే "నాది చిన్న గొంతు, ఎవరికీ వినపడదు" అని తప్పించుకునేది. అలాంటిది ధైర్యం చేసి ఒప్పుకుంది. భయానికి ముందురోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు పాపం.

"నిమిషం తేడా రాదు. నాదీ పూచీ!" అన్నా.

తీరా ఈస్టర్ పొద్దున చలి, పైగా గాలి. పాటలూ ప్రార్థనలూ అయ్యాయి. మా పాస్టర్ అయ్యగారు వాక్యం, అదే ప్రసంగం, మొదలుపెట్టే ముందు నా ఫోన్‌లో మీటర్ చూపించా.

"అయ్యగారూ, ఇంకా యాభై నిమిషాలుంది. వాక్యం అయ్యాక సునీత పాటుంది, గుర్తుంచుకోండి."

"అలాగే బ్రదర్," అని ఆప్యాయంగా భుజం తట్టారు.

ఇక్కడే నేను పప్పులో కాలేశా. మనవాళ్ళ సంగతి తెలిసీ మర్చిపోయా. మా సూర్యోదయ ఆరాధనకి సగంమంది వచ్చేసరికి సూర్యుడు నడినెత్తికి రాడంతే. "దార్లో ఉన్నాం" అంటే ఇంకా స్నానం కాలేదని అర్థం. ఎవరే టైమ్ చెప్పినా దానికి ఇంకాస్త కలుపుకోవడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. పైగా పాత మీటర్ ఏళ్ళ తరబడి అదే నేర్పింది. నా యాభైకి అయ్యగారు ఎంత కలుపుకున్నారో మరి!

నేను పక్కన నిలబడి ఫోన్ చూసుకుంటున్నా. అబద్ధమెందుకు, మురిసిపోతున్నా. చలిగాలి కొడితే గేజ్ వెంటనే రెండు నిమిషాలు తగ్గించింది. అయ్యగారు గొంతు పెంచితే ఇంకాస్త తగ్గించింది. ఓరి నీ తెలివి! అలా మురుస్తూ మురుస్తూ చూస్తే పది నిమిషాలే మిగిలింది. సునీత వైపు చూశా. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ముగించేముందు చివరిగా ఒక్క మాట," అన్నారు అయ్యగారు. అప్పటికే రెండు చివరి మాటలయ్యాయి.

ఇక లాభం లేదని రెండు చేతులూ పైకెత్తి పదివేళ్ళూ చూపించా. పదే నిమిషాలు అయ్యగారూ, పదే! ఆయన చూశారు. మొహం వెలిగిపోయింది.

"చూశారా, ప్రకాష్ బ్రదర్ హృదయం ఎలా పొంగుతోందో! మనమందరం చేతులెత్తుదామా?"

వందమందీ చేతులెత్తారు. "హల్లెలూయ!"

ఇప్పుడు నేను చేతులు దించితే బాగోదు. ఒక చెయ్యి మెల్లగా దించి, రెండోదాంతో ఐదే, ఐదే అని ఊపితే, ముందు వరసలో ఉన్న ఆంటీ గారు కూడా అలాగే ఊపారు. ఆవిణ్ణి చూసి ఆ వరసంతా ఊపింది. ఆ ఉత్సాహం చూసి అయ్యగారు ఇంకో అధ్యాయం తెరిచారు.

ఎలాగోలా సునీతని పిలిచేసరికి ఫోన్‌లో ఒక్క నిమిషం. మైక్ పట్టుకుంది. పల్లవి ఎత్తుకుంది. మొదటి లైన్ ఇంకా పూర్తి కాలేదు, ఫోన్‌లో జీరో పడింది, స్పీకర్ టప్పుమని ఆగిపోయింది.

"కరెక్ట్! సెకండ్ తేడా లేదు!" అని పిడికిలి బిగించి అరిచా!

ఏం చేయను, ఉద్యోగధర్మం! అందరూ నావైపు తిరిగారు. చెరువులో బాతులతో సహా.

సునీత కూడా చూసింది. ఆ చూపు గురించి అడక్కండి. ఏడ్చి వెళ్ళిపోతుందనుకున్నా. నా ప్రాణం పోయిందనుకోండి. కానీ తను మైక్‌ని కుర్చీలో పెట్టేసింది. కళ్ళు మూసుకుంది. పల్లవి మళ్ళీ మొదటినుంచీ ఎత్తుకుంది.

అమ్మో, ఆ గొంతు! ఎక్కడ దాచిందండీ ఇన్నేళ్ళూ! గాలికి ఎదురు పాడుతోంది, చివరి వరసదాకా ప్రతి మాటా వినపడుతోంది. అవతలి గట్టున కుక్కతో జాగింగ్ చేస్తున్నాయన ఆగి నిలబడిపోయాడు. చరణంలో పైకి వెళ్ళినప్పుడు నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కళ్ళమ్మట నీళ్ళు. చప్పట్లు కొట్టడం కూడా మర్చిపోయా.

అయిపోయాక అయ్యగారు నా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకున్నారు. "క్షమించండి బ్రదర్. మీ మీటర్ నిజమే చెప్తుందని అస్సలు అనుకోలేదు. మీకు పుణ్యముంటుంది, దాన్ని మళ్ళీ ఎప్పట్లా అబద్ధమాడేలా చేసిపెట్టండి."

స్పీకర్ డిక్కీలో పెట్టి కార్ ఎక్కాం. బయల్దేరగానే నేనే అన్నా. "సారీ సునీతా. అద్భుతంగా పాడావు. అసలు నీకింత గొంతుందని నాకు ఎప్పుడూ తెలీలేదే!"

"రోజూ వంటింట్లో పాడుతూనే ఉన్నానండీ," అంది, నవ్వాపుకుంటూ. "మీరే గ్యారేజ్ తలుపేసుకుని, ఆ బ్యాటరీలో ఎంతుందో చూసుకుంటున్నారు."

దేంట్లో ఎంత ఉందో కనిపెట్టి చెప్తాననే కదండీ ఆఫీస్‌లో నాకు జీతమిస్తున్నది! దయచేసి ఈ సంగతి మా మేనేజర్ దాకా పోనివ్వకండి.